ముందు బయటికి వచ్చే దారి చెప్పండి

సి భాషలో ప్రోగ్రాము రాయాలంటే మొదటి వరుస సాధారణంగా 'హాష్ ఇన్‌క్లూడ్'. యునిక్స్ ల్యాబులో మొట్టమొదటిసారి విమ్ ఎడిటర్ తెరిచిన విద్యార్థి బోర్డు మీద ఉన్నది ఉన్నట్టే కొడతాడు. తెర మీద హాష్ పడదు. దాని పక్కన ఉండాల్సిన 'ఐ' అక్షరమూ పడదు. 'ఎన్' నుంచి మిగిలిన ముక్క మాత్రం కనిపిస్తుంది. కీబోర్డు పాడైందనుకుని బ్యాక్‌స్పేస్‌తో చెరిపి మళ్లీ కొడతాడు. ఈసారి అంతా సరిగ్గా పడుతుంది. ఇందాక ఏం తప్పు చేశాడో, ఇప్పుడు ఏం సరిచేశాడో ఆ పిల్లవాడికి తెలియదు.

జరిగింది ఇది. విమ్ తెరుచుకున్నప్పుడు రాసుకోవడానికి సిద్ధంగా ఉండదు, ఆజ్ఞల కోసం ఎదురుచూస్తుంటుంది. ఆ స్థితిలో హాష్ అంటే, కర్సర్ కింద ఉన్న పదం కోసం వెనక్కి వెతకమని. ఖాళీ ఫైలులో పదమే లేదు కాబట్టి ఆ ఆజ్ఞ వృథా అయింది. తరవాత నొక్కిన 'ఐ' అంటే, ఇక రాయడం మొదలుపెడుతున్నానని. అక్కడి నుంచి కొట్టినవన్నీ ఫైలులోకి వెళ్లాయి. చూశారా, ప్రతి మీటా తన పని తాను చేసింది. ఆ సంగతి చెప్పేవాళ్లే పక్కన లేరు.

ఈ అధ్యాయం ఆ పక్కన ఉండాల్సిన మనిషి కోసం. మీరు నాలుగో సంవత్సరం విద్యార్థి కావచ్చు, ల్యాబ్ అసిస్టెంటు కావచ్చు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పండక్కి ఊరికొచ్చి తమ్ముడికో చెల్లెలికో నాలుగు మాటలు చెప్పాలనుకునేవారు కావచ్చు. తనకు వచ్చిన పనిని కొత్తవాళ్లకు సులువు చేసి ఇవ్వడం కూడా ఒక నైపుణ్యమే. దాన్ని విడిగా సాధన చేయాలి.

అనంతపురంలో ఈ నైపుణ్యం అవసరం ఎక్కువ. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ పెరిగి, 2008లో జేఎన్టీయూ అనంతపురం అనే విశ్వవిద్యాలయమైంది. చుట్టూ ఎన్నో కాలేజీలు వచ్చాయి. కళ్యాణదుర్గం నుంచో, మడకశిర నుంచో, ఉరవకొండ దగ్గరి పల్లె నుంచో వచ్చే పిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంట్లో కంప్యూటర్ ఉండదు. వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా పడే మెట్టనేల మీద చెనక్కాయ పంట వేసి, అది ఎండిపోతే మళ్లీ అప్పు చేసి, ఆ ఇల్లు పిల్లవాణ్ని చదివిస్తుంటుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు మొదటి ల్యాబులోనే "ఇది మన వల్ల కాదులే అన్నా" అని లేచిపోతే, నష్టం ఒక గంట క్లాసుతో ఆగదు. అది అతని తప్పు కాదని అక్కడికక్కడే చెప్పగలిగే మనిషి కావాలి.

"ఇంత కష్టమైతే ఇది ఎందుకన్నా, నోట్‌ప్యాడ్ లాంటిది చాలదా?" అని వాళ్లు అడుగుతారు. అడగనివ్వండి, న్యాయమైన ప్రశ్నే. మౌసుతో నడిచే మంచి ఎడిటర్లు ఉన్నాయి, రోజువారీ ప్రోగ్రాములకు అవి చాలు. కానీ ఉద్యోగంలో చేరాక ఎక్కడో డేటా సెంటరులో ఉన్న లినక్స్ సర్వరులోకి నల్లటి టెర్మినల్ గుండా వెళ్లాల్సిన రోజు వస్తుంది. అక్కడ కిటికీలుండవు, మెనూలుండవు. వీఐ అనే ఎడిటర్ మాత్రం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే యునిక్స్ వ్యవస్థల ప్రమాణంలోనే దానికి చోటుంది. దాని కొత్త రూపమే విమ్. పాత ల్యాప్‌టాప్‌లోనూ, సిగ్నల్ సరిగా అందని పల్లెలోనూ అది తడబడకుండా పనిచేస్తుంది. ఈ కారణం చెప్పి, మొదటి వారం నానో వాడుకోమన్నా తప్పులేదు. నానో కింది రెండు వరుసల్లో ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఎప్పుడూ రాసే ఉంటుంది. కొత్తవాళ్లకు ఏం కావాలో తెలిసినవాళ్లు చేసిన ఎడిటర్ అది.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. బాణం గుర్తు మీటలు ఉండగా హెచ్, జే, కే, ఎల్ ఎందుకని. దీనికి రెండు నిమిషాల కథ ఉంది, తప్పకుండా చెప్పండి. 1976 ప్రాంతంలో బిల్ జాయ్ బర్క్‌లీలో వీఐ రాసేటప్పుడు ఆయన ముందున్న టెర్మినల్ పేరు ఏడీఎం-త్రీఏ. దాని మీద బాణాలకు వేరే మీటలు లేవు, ఆ నాలుగు అక్షరాల మీటల మీదే బాణాలు ముద్రించి ఉండేవి. ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట అప్పుడు ఎస్కేప్ ఉండేది, చిటికెన వేలికి అందేది. ఫోన్ లైను గుండా అక్షరాలు నెమ్మదిగా వచ్చే కాలం కాబట్టి ఒక్క అక్షరంతో పెద్ద పని అయ్యేలా ఆజ్ఞలు పెట్టారు. ఈ కథ విన్న పిల్లల మొహంలో బెరుకు తగ్గుతుంది. వింతగా కనిపించేదాని వెనక ఒక మనిషి, ఒక బల్ల, ఒక అవసరం ఉన్నాయని తెలిస్తే అది బట్టీ పట్టాల్సిన మంత్రంలా అనిపించదు.

బయటికి రావడం

ఇప్పుడు అసలు పని. మొదటి పాఠంలో ఒక్క వరుస కూడా రాయించకండి. ఎడిటర్ తెరిపించండి, మూయించండి. మళ్లీ తెరిపించండి, మళ్లీ మూయించండి. ఎస్కేప్ నొక్కాలి, కోలన్ కొట్టాలి, 'క్యూ' కొట్టాలి, ఎంటర్. ఏదైనా రాసి ఉండి అది అక్కర్లేదనుకుంటే క్యూ తరవాత ఆశ్చర్యార్థకం. దాచుకుని రావాలంటే 'డబ్ల్యూ, క్యూ'. చేతికి అలవాటయ్యే దాకా ఇదే. విమ్‌లోంచి బయటపడటం ఎలా అన్న ప్రశ్న ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు అడిగిందే. ప్రోగ్రామర్ల ప్రశ్నలకు జవాబులిచ్చే స్టాక్ ఓవర్‌ఫ్లో, 2017 నాటికి ఆ ఒక్క ప్రశ్నను పది లక్షల మందికి పైగా చూశారని ప్రకటించింది. మీ జూనియర్‌కు ఈ మాట చెప్పండి, తాను ఒంటరి కాదని తెలుస్తుంది.

బయటికి రావడం రానివాళ్లు మరో మూడు మీటలు నొక్కుతారు. ఆ మూడూ మీకు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

మొదటిది కంట్రోల్-ఎస్. అన్నిచోట్లా దాచుకోవడానికి అదే కదా అని నొక్కుతారు. పాత విమ్‌లోనైతే చాలా టెర్మినళ్లలో తెర బిగుసుకుపోతుంది, ఏం కొట్టినా కనిపించదు. సిస్టం హ్యాంగయిందని పవర్ బటన్ మీద వేలు పెడతారు. నిజానికి కంట్రోల్-ఎస్ అంటే 'కాసేపు చూపించడం ఆపు' అని టెర్మినల్‌కు పాతకాలం నుంచి ఉన్న ఆజ్ఞ. కంట్రోల్-క్యూ నొక్కితే కదులుతుంది.

రెండోది కంట్రోల్-జెడ్, చేసినదాన్ని వెనక్కి తీసుకోవడానికని నొక్కేది. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పిల్లల గుండె జారేది ఇక్కడే. ఆజ్ఞల స్థితిలో నొక్కగానే రాసిందంతా మాయమై ఖాళీ టెర్మినల్ కనిపిస్తుంది. గంటసేపు కొట్టిన ప్రోగ్రాము పోయిందనుకుంటారు. కంగారుగా అదే ఫైలును మళ్లీ తెరుస్తారు. ఈసారి తెర నిండా ఇంగ్లీషులో హెచ్చరిక: ఇదే పేరుతో స్వాప్ ఫైలు ఒకటి కనిపించిందని, వేరే ప్రోగ్రాము దీన్ని వాడుతుండవచ్చని, తెరవాలా, తిరిగి రాబట్టాలా, వదిలేయాలా అని. ఇంగ్లీషు గబగబా చదవలేని పిల్లవాడు ఏదో ఒక అక్షరం నొక్కేస్తాడు. ఇక ఒకే ఫైలుకు రెండు ప్రతులు నడుస్తుంటాయి. ఏది దాస్తే ఏది పోతుందో తెలియదు.

మీరు చేయాల్సింది, ఈ ప్రమాదాన్ని మీ కళ్లముందే కావాలని జరిపించడం. పనికిరాని ఫైలొకటి తెరిపించి, నాలుగు వరుసలు రాయించి, ఎస్కేప్ నొక్కించి, కంట్రోల్-జెడ్ నొక్కమనండి. ఖాళీ తెర చూపించి, "పోలేదు, పక్కన నిద్రపోతోంది" అనండి. 'ఎఫ్, జీ' అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నాలుగు వరుసలూ తిరిగొస్తాయి. మళ్లీ కంట్రోల్-జెడ్ నొక్కించి, ఈసారి అదే ఫైలును రెండోసారి తెరిపించండి. ఆ హెచ్చరికలో ప్రాసెస్ సంఖ్య పక్కన, అది ఇంకా నడుస్తోందని బ్రాకెట్లలో పెద్దక్షరాల్లో ఒక మాట ఉంటుంది. ఆ మాట వేలుపెట్టి చూపించండి. అది కనిపిస్తే క్యూ నొక్కి బయటికొచ్చి, ఎఫ్‌జీ కొట్టడమే. కరెంటు పోయి మిషను ఆగిపోయిన తరవాతైతే ఆ మాట ఉండదు. అప్పుడు 'ఆర్' నొక్కితే పోయిందనుకున్నది చాలామటుకు తిరిగొస్తుంది. ఒకసారి పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్నవాళ్లకు ఆ తరవాత వేళ్లు వణకవు.

మూడోది కంట్రోల్-సి. ఈమధ్య వెర్షన్లలో విమ్ దీనికి మంచి జవాబు చెబుతుంది: బయటికి పోవాలంటే ఫలానాది కొట్టి ఎంటర్ నొక్కమని కిందివరుసలో చూపిస్తుంది. కొత్తవాళ్లు పొరపాటున ఏం నొక్కుతారో ఊహించి, సరిగ్గా అక్కడే దారి చెప్పడం ఇది. నేర్పేవాళ్లు అనుసరించాల్సిన పద్ధతీ ఇదే.

మిషనును సిద్ధం చేయడం

జూనియర్‌ను కూర్చోబెట్టే ముందు మీరు ఆ సిస్టం ముందు కూర్చోండి. ఉబుంటులోనూ డెబియన్‌లోనూ మొదటి నుంచి వచ్చేది విమ్ పూర్తి రూపం కాదు, విమ్-టైనీ అనే చిన్న రూపం. అది పాత వీఐ పద్ధతిలో నడుస్తుంది. రాస్తూ పైకి బాణం నొక్కితే ఫైలులో 'ఏ' అక్షరం పడుతుంది, కిందికి నొక్కితే 'బి', పక్కలకు నొక్కితే 'సి', 'డి'. బ్యాక్‌స్పేస్ నొక్కినా అక్షరం తెర మీద అలాగే ఉంటుంది. కొత్తవాళ్లను బెదరగొట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? ప్యాకేజీల నుంచి పూర్తి విమ్ ఎక్కిస్తే ఈ బాధ ఒక్క నిమిషంలో పోతుంది. కాలేజీ ల్యాబులో మీకు ఆ అధికారం లేకపోతే, ఉన్నవారిని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. నలభై సిస్టములకు ఒకేసారి జరిగే పని అది.

విమ్ తయారుచేసినవాళ్లు కూడా ఈ విషయంలో చాలాకాలం ఆలోచించారు. 2016లో వచ్చిన ఎనిమిదో వెర్షన్‌లో ఒక మార్పు చేశారు: ఎవరికైతే సొంత సెట్టింగుల ఫైలు లేదో, వాళ్లకు మాత్రం రంగులు, కర్సర్ ఏ వరుసలో ఉందో చూపించడం, కొట్టుతుండగానే వెతకడం లాంటివి వాటంతటవే వస్తాయి. పాతవాళ్ల అలవాట్లు చెడవు, కొత్తవాళ్లకు ఇల్లు సర్దిపెట్టి ఉంటుంది. నాకు ఇది చాలా నచ్చిన పరిష్కారం. ఇందులో ఒక మెలిక ఉంది, మంచి మనసుతో సాయం చేసే సీనియర్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. జూనియర్‌కు వరుస సంఖ్యలు కనిపిస్తే బాగుంటుందని విమ్‌ఆర్‌సీ ఫైలు సృష్టించి అందులో ఒక్క వరుస రాస్తారు. సొంత ఫైలు కనిపించగానే, ఇతను అనుభవజ్ఞుడని అనుకుని విమ్ ఆ సర్దుబాట్లన్నీ మానేస్తుంది. సంఖ్యలు వస్తాయి, రంగులు పోతాయి. అందుకని ఆ ఫైలు మొదటి వరుసలోనే 'డిఫాల్ట్స్ డాట్ విమ్'ను చదవమని రాయాలి. ఆ తరవాతే మీ వరుస.

ఆ ఫైలులో ఇంకేం పెట్టాలి? వీలైనంత తక్కువ. వరుస సంఖ్యలు, మౌసు పనిచేయడం, అంతే. మీరు ఏళ్ల తరబడి పోగుచేసుకున్న వందల వరుసల విమ్‌ఆర్‌సీని ప్రేమతో కాపీ చేసి ఇవ్వకండి. అది మీ చేతికి కుట్టిన చొక్కా. అందులో మీరు మార్చుకున్న మీటలు ఇంకెక్కడా పనిచేయవు. ఆజ్ఞల స్థితే లేకుండా, మామూలు ఎడిటరులా నడిచే ఈజీ విమ్ అనే రూపం కూడా విమ్‌తోపాటే వస్తుంది. ఒక్క లేఖ రాసుకునేవారికి అది పనికొస్తుంది. కానీ రేపు సర్వరులోకి వెళ్లాల్సిన విద్యార్థికి అది నేర్పితే అక్కడ మళ్లీ మొదటికొస్తాడు. ప్రతి మార్పుకూ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ సెట్టింగు లేని మిషను ముందు కూర్చున్నప్పుడు ఇతనికి ఇది అడ్డమవుతుందా? వరుస సంఖ్యలు లేకపోతే ఇబ్బంది లేదు, ఉంచండి. మీట మార్చడం అడ్డమవుతుంది, తీసేయండి.

మొదటి రోజే యాభై ఆజ్ఞలు చెప్పడం కూడా ఇలాంటిదే. మన చీనీ తోటలకు డ్రిప్పు వేసినట్టు, వేరు దగ్గర రోజుకు కొంచెం పడాలి. మొదటి రోజు బయటికి రావడం. రెండో రోజు 'ఐ', ఎస్కేప్. మూడో రోజు 'యూ' నొక్కి చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం, కంట్రోల్-ఆర్‌తో మళ్లీ ముందుకు తేవడం. ఆ తరవాత 'డీడీ'తో వరుస తీసేయడం, 'పీ'తో దాన్ని వేరే చోట పెట్టడం. ఈలోగా బాణాల మీటలు వాడుకోనివ్వండి. హెచ్, జే, కే, ఎల్ మీద పట్టుపట్టేవాళ్లున్నారు, నేను పట్టను. దారిలో వాటంతటవే వస్తాయి, రాకపోయినా నష్టం లేదు.

ఒక్క అలవాటు మాత్రం మొదటి రోజు నుంచే పట్టుబట్టి చేయించండి, తెర కింది వరుస చూడటం. అక్కడ 'ఇన్సర్ట్' అని ఉంటే రాయవచ్చు, లేకపోతే ఆజ్ఞల స్థితి. ఏదైనా తేడా వస్తే ఎస్కేప్ నొక్కి, ఆ వరుస చూసి, క్యాప్స్ లాక్ దీపం చూడమనండి. క్యాప్స్ లాక్ పడి ఉండగా జే నొక్కితే రెండు వరుసలు అతుక్కుపోతాయి. కే నొక్కితే కర్సర్ కింద ఉన్న పదానికి మాన్యువల్ పేజీ తెరుచుకుంటుంది. ఈ సంగతి తెలియక ఫైలు చెడిపోయిందని ఏడుపు మొహం పెట్టేవాళ్లెందరో.

ఈమాక్స్ అనే మరో ఎడిటర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అందులో ఆజ్ఞల స్థితి గొడవ లేదు, రాస్తే పడుతుంది. కష్టమంతా కట్ చేయడానికి, పేస్ట్ చేయడానికి వేరే మీటలుండటంలోనూ, బయటికి రావడానికి కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-సి వరసగా నొక్కాల్సి రావడంలోనూ ఉంది. ఆప్షన్స్ మెనూలో సీయూఏ మీటలు అన్నది ఎంచుకుంటే మనకు అలవాటైన కట్, కాపీ, పేస్ట్ మీటలు పనిచేస్తాయి. 2025లో వచ్చిన ముప్పయ్యో వెర్షన్‌లో విచ్-కీ అనే సదుపాయం లోపలే ఇచ్చారు. దాన్ని ఆన్ చేస్తే, ఒక మీట నొక్కి ఆగగానే తరవాత ఏవేవి నొక్కవచ్చో కింద జాబితా వస్తుంది. కొత్తవాళ్ల కోసం ముందు ఇది ఆన్ చేయండి. ఈమాక్స్‌కు మరో గుణం ఉంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పక్కన కూర్చోవడం

నేర్పేటప్పుడు కీబోర్డు ముట్టుకోకండి. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. జూనియర్ మెల్లగా వెతుక్కుంటుంటే మన వేళ్లు ఆగవు. "జరుగు, చూపిస్తా" అని లాక్కుని నాలుగు మీటలు టపటపా కొడతాం, పని అయిపోతుంది. అతను చూసింది మీ వేగాన్ని, నేర్చుకున్నది ఏమీ లేదు. మీ చేతులు ఒళ్లో పెట్టుకోండి. నోటితో చెప్పండి. మీటల పేర్లు కాక పని పేరు చెప్పండి: "ఆ వరుస తీసేయ్", "దాన్ని కింద పెట్టు". మీట తనే గుర్తుచేసుకుంటాడు. "ఇది కూడా తెలీదా?" అన్న మాట మీ నోట రాకూడదు. "ఎట్లన్నా ఇది?" అని రెండోసారి అడిగినా మూడోసారి అడిగినా మొదటిసారి చెప్పినట్టే చెప్పండి. అమ్మాయిలు ల్యాబులో మగ సీనియర్లను అడగడానికి వెనకాడే కాలేజీలైతే, వాళ్ల హాస్టల్లోనే ఒక అక్కను ఈ పనికి సిద్ధం చేయడం మీ బాధ్యతలో భాగం.

ఫైలు పేరు ఇవ్వకుండా విమ్ తెరిస్తే మొదటి తెర మీద ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని ఒక వరుస తరచూ కనిపిస్తుంది. పిల్లలు దీని గురించి అడుగుతారు. 1991లో విమ్‌ను విడుదల చేసిన బ్రామ్ మూలెనార్ నెదర్లాండ్స్‌వాసి. 1994లో ఉగాండాలోని కిబాలే అనే పల్లెప్రాంతంలో స్వచ్ఛంద సేవకుడిగా ఏడాదిపాటు నీటి సరఫరా, పారిశుధ్యం పనులు చేశారు. ఆ తరవాత విమ్‌ను ఉచితంగా ఇస్తూ, ఇష్టమైతే అక్కడి పిల్లలకు ఇవ్వమని అడిగారు. 2023 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. విదేశం నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీని కళ్లారా చూసిన అనంతపురం పిల్లలకు ఈ కథ వెంటనే అర్థమవుతుంది. నీళ్లకు కరువైన ఊరి కోసం పరాయి దేశపు మనిషి ఎందుకు పాటుపడతాడో వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

తెలుగులో ఒక పాఠం

విమ్‌తోపాటే 'విమ్‌ట్యూటర్' అనే అభ్యాస పాఠం వస్తుంది. టెర్మినల్‌లో ఆ పేరు కొడితే చాలు. అరగంటలో పూర్తవుతుందని అందులోనే రాసి ఉంటుంది, ఇంగ్లీషు తడుముకునేవాళ్లకు ఇంకా ఎక్కువే పడుతుంది. ఇలాంటి పాఠమే ఈమాక్స్‌కూ ఉంది. అది జపాను, కొరియా, థాయ్ భాషల్లో ఎప్పుడో వచ్చింది. తెలుగులో లేదు. స్వేచ్ఛ లాంటి సంస్థలు తెలుగులో కంప్యూటరును నిలబెట్టడానికి హైదరాబాదు నుంచి ఎంతో పనిచేశాయి. ఈ చిన్న పాఠం మాత్రం మీలాంటి ఒకరిద్దరు సెలవుల్లో కూర్చుని చేయగలిగినది.

మొత్తం తలకెత్తుకోకండి. విమ్‌ట్యూటర్ మామూలు పాఠ్య ఫైలే, దాన్ని కాపీ చేసుకుని మొదటి పాఠం ఒక్కటే తీసుకోండి. ఆజ్ఞలను ముట్టుకోకుండా, చుట్టూ ఉన్న వివరణను మన పిల్లలు మాట్లాడుకునే తెలుగులో రాయండి. కర్సర్‌ను కర్సర్ అనే అనండి, ఫైలును ఫైలనే. రాసింది టెర్మినల్‌లో చూస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవచ్చు, బెదరకండి. టెర్మినల్ ఒక్కో అక్షరానికి ఒక్కో గడి కేటాయిస్తుంది, మన లిపి గడుల్లో ఒదగదు. ఇందాక చెబుతానన్న ఈమాక్స్ గుణం ఇదే: 2020లో వచ్చిన ఇరవైయేడో వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే లిపి యంత్రాంగం తోడై, కిటికీలో తెరిచినప్పుడు తెలుగు అక్షరాలు చక్కగా కూడుకుంటాయి. తెలుగు టైపు చేసే పద్ధతులు కూడా దాని లోపలే ఉన్నాయి. అందులో రాసుకుని, కాగితం మీద ప్రింటు తీసి కీబోర్డు పక్కన పెట్టండి.

ఆ కాగితాన్ని ఇంతవరకూ ఎడిటర్ ముఖం చూడని ఒక్క జూనియర్‌కు ఇచ్చి, పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూడండి. ఏ వాక్యం దగ్గర ఆగి మీ వైపు తలతిప్పుతాడో దాని కింద పెన్సిలుతో గీత గీసుకోండి. రాత్రికి ఆ వాక్యాలు తిరగరాసి, మర్నాడు ఇంకొకరి ముందు పెట్టండి.